ఇంగ్లండ్‌లో ఇల్లు ఖాళీ చేసి వచ్చేస్తే డిపాజిట్ వస్తుందా?

"లెస్టర్‌లో కోర్సు అయిపోయింది, వచ్చే నెల బరంపురం వచ్చేస్తున్నాను, డిపాజిట్ మీద ఆశ వదులుకోవాలా?" అని అడిగారు. వదలకండి. ఒక్క పౌండు కూడా వదలకండి. నాదీ బరంపురమే, 2022లో అక్కణ్నుంచే వచ్చేశాను.

నా అద్దె నెలకి 650 పౌండ్లు. 2019 నుంచి అక్కడ మామూలు ఇళ్లకి ఐదు వారాల అద్దె మించి డిపాజిట్ తీసుకోకూడదు, అలా 750 కట్టాను. ఖాళీ చేసి వచ్చాక, స్టేషన్ నుంచి ఆటోలో ఇంటికి వెళ్తుంటే ఏజెంటు మెయిలొచ్చింది. వంటగట్టు మీద పసుపు మరకట, గట్టంతా మార్చాలట, 380 పౌండ్లు పట్టుకుంటారట.

ఆ మరక నాకు బాగా తెలుసు. అమ్మ పంపిన ఫుల్బణీ పసుపు. ఫుల్బణీ ఉన్న కంధమాల్ జిల్లా పసుపుకి జీఐ గుర్తింపు (ఫలానా ప్రాంతపు సరుకని ఇచ్చే ముద్ర) ఊరికే రాలేదండీ! స్టవ్ పక్కన తెల్లటి గట్టు మీద రూపాయి బిళ్లంత అంటుకుంది. నిమ్మచెక్క, వంటసోడా వేసి మూడు రాత్రులు రుద్దితే పలచబడింది గానీ పోలేదు. అయితే దానికి జానెడు దూరంలో, నేను దిగేనాటికే, ఎవరో వేడిగిన్నె పెట్టి కాల్చిన నల్లటి వలయం ఉంది. ఇన్వెంటరీలో, అంటే దిగేటప్పుడు ఇల్లు ఏ స్థితిలో ఉందో రాసిచ్చే జాబితాలో, మాత్రం గట్టు "బాగుంది" అని రాశారు. నాకు ఒళ్లు మండి అదేరోజు ఫోటో తీసి మెయిల్ పెట్టాను. ఆ ఒక్క మెయిలే నన్ను గట్టెక్కించింది.

అక్కడ డిపాజిట్‌ని 30 రోజుల్లోపు ప్రభుత్వం ఆమోదించిన స్కీములో పెట్టి తీరాలి. లేదంటే కోర్టు ఓనరు చేత మూడు రెట్ల దాకా పరిహారం కట్టించగలదు. తగువొస్తే స్కీమువాళ్లే పైసా తీసుకోకుండా తేలుస్తారు, మీరు బరంపురంలో కూర్చునే కాగితాలు పంపొచ్చు. నష్టం జరిగిందని రుజువు చూపాల్సింది ఓనరే. పాతగట్టుకి బదులు మన డబ్బుతో కొత్తగట్టు వేసుకోవడం కుదరదు. నాకు 40 పోయి 710 వచ్చాయి. అది పడేదాకా అక్కడి బ్యాంకు ఖాతా మూయకండి, ఓటీపీలొచ్చే సిమ్ము పారేయకండి.

నా బాధల్లా మన ఊరి గురించే. కేంద్రం 2021 నమూనా అద్దె చట్టంలో ఇళ్లకి రెండు నెలల అద్దె మించి అడ్వాన్సు వద్దంది. బాగానే ఉంది, కానీ రాతకోతల్లేవు, ఫోటోల్లేవు, వెళ్లేటప్పుడు "రంగులకి" అని ఒక నెల అద్దె కోసేస్తారు. మా అక్కకి అదే జరిగింది, గోడ మీద గీత కూడా లేదు. తిరిగొచ్చాక నేను ఆస్కా రోడ్డులో ఇల్లు తీసుకుని గదిగదికీ ఫోటోలు తీస్తుంటే ఓనరుగారు చిన్నబుచ్చుకున్నారు. "మా మీద నమ్మకం లేదా బాబూ?" అన్నారు. "మీక్కూడా ఒక కాపీ పంపుతానండీ" అని అక్కడే వాట్సాప్ చేశాను.