తాతగారి పెట్టెలో దొరికిన డకోటా విమానం కాగితాలు, ఫొటోలు: ఆ విమానం చరిత్రను ఎలా భద్రపరచాలి?

హన్మకొండ నుంచి మీరు అడిగింది ఇదీ: మీ తాతగారు డెక్కన్ ఎయిర్‌వేస్‌లో ఫిట్టర్‌గా చేశారు, ఆయన పెట్టెలో ఫొటోలు, ఒక ఇంజిన్ ప్లేటు, ఉర్దూ రాతలున్న కాగితాలు దొరికాయి, ఆయన చెయ్యి పడ్డ డకోటా (అమెరికా డగ్లస్ కంపెనీ పాత విమానం) చరిత్రను ఎలా నిలబెట్టాలి అని. మా పెద్దబాపు కూడా బేగంపేటలో అదే కంపెనీలో హెల్పర్‌గా చేశాడు. ఆయన పోయాక సామాను ఖిలా వరంగల్‌లో మా ఇంటికి చేరింది, సర్దే పని నా నెత్తిన పడింది. ఆ అనుభవంతో చెప్తున్నా.

కంపెనీ చరిత్ర మొత్తం రాయాలని కూర్చోవద్దు. 1945లో నిజాం ప్రభుత్వం, టాటాలు కలిసి దాన్ని పెట్టారు, 1953లో జాతీయం చేసి ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిపారు అన్నది ఎక్కడైనా దొరుకుతుంది. ఫలానా విమానానికి ఫలానా రోజు ఏ పార్టు మార్చారన్నది మాత్రం మీ పెట్టెలాంటి చోటే ఉంటుంది. అందుకని ఒక్క విమానాన్ని ఎంచుకోండి.

దాన్ని పట్టుకోవాలంటే నంబరు కావాలి. పైకి కనిపించేది ‘వీటీ’తో మొదలయ్యే రిజిస్ట్రేషన్. విమానాన్ని వేరే దేశానికి అమ్మితే అది మారిపోతుంది. ఫ్యాక్టరీలో వేసిన నిర్మాణ సంఖ్య మాత్రం చివరిదాకా అదే. మన దగ్గర తిరిగిన డకోటాల్లో చాలావరకు రెండో ప్రపంచ యుద్ధం కోసం తయారైన సీ-47లే, అంటే డకోటా మిలిటరీ రకమే. యుద్ధం అయిపోయాక మిగులు సరుకు కింద అమ్మితే కొని, సీట్లు బిగించి ప్రయాణికులకు తిప్పారు. బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్‌లో ఇలా చాలా వాటిని బాగుచేశారు. అంటే ఒకే విమానానికి మొదట మిలిటరీ నంబరు, తర్వాత వీటీ నంబరు. రెండింటినీ కలిపేది ఆ నిర్మాణ సంఖ్యే.

మీ ఇంజిన్ ప్లేటు విషయంలో కొంచెం జాగ్రత్త. డకోటాకు రెండు ఇంజిన్లు, ఎక్కువగా 14 సిలిండర్ల ట్విన్ వాస్ప్‌లు. ఓవర్‌హాల్‌కు దింపిన ఇంజిన్ మళ్లీ అదే విమానానికి ఎక్కుతుందని లేదు. కాబట్టి ప్లేటు మీది నంబరు ఆ ఇంజిన్‌దే, విమానానిది కాదు. లాగ్‌బుక్కులు కూడా ఇంజిన్‌కు వేరు, బాడీకి వేరు. ఇంకో మాట, ప్లేటును చింతపండు పెట్టి తోమకండి! మా ఇంట్లో ఇత్తడి చెంబులతో పాటు దాన్ని కూడా తోమబోతుంటే ఆపాను. మచ్చ ఉంటే ఉండనీయండి, గుద్దిన అంకెలు అరిగిపోకుండా ఉండాలి.

ఫొటోల్లో మొదట విమానం ఎడమవైపు వెనక భాగం చూడండి. మా దగ్గరున్న ఒక ఫొటోలో రిజిస్ట్రేషన్ అక్షరాలు సగం నిచ్చెన చాటుకు పోయాయి. కానీ భూతద్దం పెట్టి చూస్తే ప్రయాణికులు ఎక్కే చిన్న తలుపు చుట్టూ ఇంకో పెద్ద తలుపు అంచు గీతలా కనిపించింది. అది జీపులు ఎక్కించిన కార్గో తలుపు. సీ-47 అని తేల్చడానికి ఆ గీత చాలు.

ఫొటో వెనక ఉర్దూలో ఏదో రాసి ఉంటే మాత్రం అస్సలు వదలొద్దు. ఉర్దూ మీడియంలో చదివిన పెద్దవాళ్లు వరంగల్‌లో ఇంకా ఉన్నారు, వాళ్లతో చదివించండి. తేదీ ఫస్లీలో, అంటే నిజాం సర్కారు వాడిన క్యాలెండర్‌లో ఉండొచ్చు. ఫస్లీకి 590 కలిపితే ఆ ఏడాది ఏ అక్టోబరులో మొదలైందో తెలుస్తుంది. మా ఫొటో వెనక ‘1357 బహమన్’ అని ఉంది. బహమన్ అందులో మూడో నెల, అంటే 1947 డిసెంబరు ప్రాంతం. ఈ లెక్క తెలియక ఆ అంకెను ఏ బిల్లు నంబరో అనుకునేవాళ్లే ఎక్కువ.

స్కాన్ 600 డీపీఐకి తగ్గకుండా, వెనక వైపు కూడా చేయించండి. జిగురు పేజీల ఆల్బమ్‌లో ఉంటే గుంజి పీకకండి, పేజీతో సహా స్కాన్ చేయించండి. వెనక ఏమన్నా రాయాలంటే మెత్తటి పెన్సిల్‌తోనే. లామినేషన్ ఊసే ఎత్తొద్దు.

పెద్దవాళ్లను అడిగేటప్పుడు “అది డకోటాయేనా?” అని అడిగితే అందరూ అవుననే అంటారు. పాత విమానం ఏదైనా మనవాళ్లకు డకోటానే. దానికి బదులు “లోపలికి వెళ్లాక సీటు దాకా ఎదురెక్కాల్సి వచ్చిందా, చదునుగా ఉందా?” అని అడగండి. డకోటాకు చిన్న చక్రం తోక కింద ఉంటుంది, నేల మీద ముక్కు పైకెత్తి నిలబడుతుంది. తర్వాత వచ్చిన ఆవ్రో, ఫోకర్‌లలో ఆ ఎక్కుడు లేదు. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయం గురించి చెప్పే పాత ముచ్చట్లను ఈ ఒక్క ప్రశ్నతో చాలావరకు వడపోయవచ్చు.

2023లో కళింగ ఎయిర్‌లైన్స్ డకోటా ఒకదాన్ని కోల్‌కతాలో విడదీసి, లారీల మీద భువనేశ్వర్‌కు తెచ్చి పెట్టారు. మనలాంటి వాళ్లకు అంత అయ్యే పని కాదు, మన వాటా కాగితాలే. ప్రతి వివరం పక్కన అది ఎక్కడిదో రాయండి: లాగ్‌బుక్కా, ఫొటోనా, ఎవరైనా చెప్పిందా. అసలు కాగితాలు మీ దగ్గరే ఉంచుకుని, స్కాన్ కాపీలు తీసుకుంటారేమో తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో అడిగి చూడండి. ప్లేటు ఫొటో పక్క వెలుతురులో తీసి పెడితే నంబరు చదవడానికి నేనూ ఒక చూపు చూస్తాను.