కుర్చీ ఖాళీ చేయించకు

అమ్మలూ,

నిన్న మీ అమ్మ ఫోన్ చేసి, నువ్వు రాజమండ్రిలో స్విమ్మింగ్ పూలూ, పక్కనే షటిల్ కోర్టులూ లీజుకు తీసుకుంటున్నావని చెప్పింది. "బ్యాంకు ఉద్యోగంలో దానికేం తక్కువైంది అన్నయ్యా" అని పావుగంట ఏడ్చింది. ఏదో సర్దిచెప్పాను. ఫోన్ పెట్టేశాక నాకూ నిద్ర పట్టలేదు. ముప్పై ఏళ్లు పూల్ గట్టు మీద బతికినవాణ్ణి, మా ఇంటి పిల్ల అదే గట్టెక్కుతానంటే గర్వం ఉండదా? ఉంది. నిద్ర పట్టనిది దానికి కాదు.

నువ్వు వాట్సాప్‌లో పంపిన ప్లాన్ చూశాను. టైల్స్, లైట్లు, జ్యూస్ కౌంటర్ కలిపి నాలుగు పేజీలు. మనుషుల గురించి ఒక్క లైను: "స్టాఫ్, ఏజెన్సీ ద్వారా." ఒళ్లు మండిపోయింది. రేపు నీళ్లలోకి దూకేది నీ టైల్సా?

క్లోరిన్ 1 నుంచి 3 పీపీఎం, పీహెచ్ 7.2 నుంచి 7.8 మధ్య ఉండాలనీ, బ్లీచింగ్‌నీ యాసిడ్‌నీ పక్కపక్కన పెట్టకూడదనీ ఎవరైనా చెబుతారు. ఆ పని చేసేవాడికి మంచి మాస్కు కొనిపెట్టు, అందరికీ ఈఎస్ఐ కట్టు. ఈ ముక్కలు ఇక్కడితో సరి.

లైఫ్‌గార్డులని మెడల్స్ చూసి తీసుకోకు. గంటలకొద్దీ ఏమీ జరగని నీళ్లని చూస్తూ కూర్చోగలగాలి, ఆ ఉద్యోగమంతా అదే. లోతు వైపు ఇటుక పడేసి తెమ్మను. ఈతొచ్చినవాడెవడైనా తెస్తాడు. తర్వాత కుర్చీలో కూర్చోబెట్టి, పది నిమిషాలయ్యాక వీపు ఇటు తిప్పి అడుగు, ఎర్రటోపీ పిల్ల ఏ మూల ఉందని. చెప్పినవాణ్ణి వదలకు.

గోదావరి గట్టున పుట్టినవాళ్లకి మనం ఈత నేర్పక్కర్లేదు. 2015 పుష్కరాలకి ఘాట్ల దగ్గర గజ ఈతగాళ్లుగా నిలబడ్డారే, అలాంటి కుర్రాళ్లు నీకు దొరుకుతారు. కానీ మనిషిని గట్టుకి లాగడం వేరు, ఊపిరి తెప్పించడం వేరు. మునిగినవాడికి ముందు నోట్లోకి గాలి ఊదాలి, తర్వాతే ఛాతీ నొక్కడం, 30 నొక్కులకి 2 ఊదులు. పుణెలో రాష్ట్రీయ లైఫ్ సేవింగ్ సొసైటీ ఉంది, గోవాలో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ వాటర్ స్పోర్ట్స్ ఉంది. నీ ఖర్చుతో పంపు. నేర్చుకుని వేరే చోటికి పోతే ఎలా అంటావు. పోనీ, ఇంకో పూల్‌లో ఇంకెవరి పిల్లనో కాపాడతాడు. 2027 పుష్కరాలకి మాత్రం వాళ్లని మళ్లీ ఘాట్లకి పిలుస్తారు, షిఫ్టులు ఇప్పుడే ఆలోచించుకో.

ఇక అసలు సంగతి. ఇది మీ అమ్మకి కూడా చెప్పలేదు.

ఏ ఊరో అడక్కు. నాకు నలభై ఇంకా నిండలేదు. మే నెల, ఆదివారం, సాయంత్రం బ్యాచ్. నీళ్లు కనపడనంత మంది. ఉన్న ఇద్దరు గార్డుల్లో ఒకడు చెల్లెలి పెళ్లికి వెళ్లాడు. సరిగ్గా అప్పుడే ఒక పెద్దాఫీసరు కుటుంబంతో దిగాడు. నేను చప్పట్లు కొట్టి రెండోవాణ్ణి పిలిచి, నాలుగు కుర్చీలు వేయమన్నాను. "సార్, లోతు వైపు ఎవరూ లేరు" అన్నాడు. "రెండు నిమిషాల్లో కొంపలేం అంటుకోవులే" అన్నాను. ఆ మాట ఇప్పటికీ నా గొంతులోనే వినపడుతుంది.

మునిగేవాడు సినిమాల్లోలాగా అరవడమ్మా. నోరు నీటి పైకొచ్చిన ఆ క్షణం గాలి పీల్చుకోవడానికే చాలదు. చేతులతో నీటిని కిందకి నొక్కుతుంటాడు, చూసేవాళ్లకి ఆడుకుంటున్నట్టే ఉంటుంది. నా వెనకే, పదడుగుల దూరంలో, తొమ్మిదేళ్ల పిల్లాడు అలా నొక్కుతున్నాడు. నేను ఆఫీసరుగారికి నవ్వుతూ నమస్కారం పెడుతున్నాను. చూసింది బాత్రూములు కడిగే ఆవిడ. ఆవిడ కేకకి గార్డు కుర్చీలు విసిరేసి దూకాడు. పిల్లాడు బతికాడు. రెండ్రోజులు ఆస్పత్రిలో ఉండి ఇంటికెళ్లాడు.

తప్పు అది కాదు. అదీ తప్పే, కానీ నేను చెప్పదలచుకున్నది ఆ తర్వాతది. పైవాళ్లు రిపోర్టు అడిగారు. "ఆ సమయంలో గార్డు సీటులో లేడు" అని రాశాను. అబద్ధం ఒక్క అక్షరం లేదు. వాణ్ణి తీసేశారు. వాడు నన్ను ఒక్క మాట అనలేదు, విజిల్ నా టేబుల్ మీద పెట్టి వెళ్లిపోయాడు.

ఆ ఏడాదంతా నా దగ్గరికి ఒక్క కంప్లయింటూ రాలేదు. పని బ్రహ్మాండంగా సాగుతోందనుకున్నాను. వానాకాలంలో పూల్ ఖాళీ చేస్తే, అడుగున డ్రెయిన్ జాలీ విరిగి తీగతో కట్టి ఉంది. పిల్లల కాలు దాంట్లో ఇరుక్కుంటే నీళ్ల లాగుడికి పైకి రాదు. రెండు నెలలుగా అలాగే ఉందట. చెప్పలేదేం అని ఫిల్టర్ రూమ్ వాణ్ణి అడిగితే, "నా పేరు రాస్తారని సార్" అన్నాడు.

అందుకే చెబుతున్నాను. కలెక్టరొచ్చినా గార్డుని కుర్చీలోంచి లేపకు. నువ్వే లేపబోతే "కుదరదు మేడమ్" అనే హక్కు వాడికివ్వు, అందరి ముందూ ఇవ్వు. అరగంటకోసారి మనిషిని మార్చు, ఎండలో కళ్లు మొద్దుబారతాయి. ఊడ్చే ఆవిడకీ, టికెట్లు చింపేవాడికీ మునిగేవాడు ఎలా ఉంటాడో చూపించు. ఆడవాళ్ల బ్యాచ్‌కి ఆడ గార్డులే ఉండాలి. పెళ్లయ్యాక ఈత మానేసిన అమ్మాయిలని పొద్దున షిఫ్టుకి అడుగు, వస్తారు. మార్చిలో పెట్టుకుని జూన్‌లో పంపేయకు. నలుగురికైనా ఏడాది పొడుగునా జీతమివ్వు, పంపు రిపేర్లూ ప్రాక్టీసూ వానల్లో చేయించు. లేకపోతే ప్రతి మార్చిలో కొత్త మొహాలే.

ఆరేళ్లప్పుడు కాలవలో నా మెడ పట్టుకుని వదలనని గోల చేశావు, గుర్తుందా? గోళ్లు గుచ్చుకున్నాయి కూడా. ఇప్పుడు నువ్వు అడక్కపోయినా చెబుతున్నానంటే, ఆ మెడకింకా అలవాటు పోలేదనుకో. మీ అమ్మ సంగతి నేను చూసుకుంటాను.

లీజు కాగితం మీద సంతకం పెట్టేముందు డ్రెయిన్ జాలీ నీ చేత్తో పట్టుకుని కదిపి చూడు. వేరేవాణ్ణి పంపకు. ఓపెనింగ్‌కి తప్పకుండా వస్తాను. కానీ నాకు కుర్చీ వేయడానికి గార్డుని పంపావో, అట్నుంచటే కాకినాడ బస్సెక్కేస్తాను.

మీ మావయ్య