ప్లాటు అమ్మకండి, ముందు ఆ పోస్టింగ్ చేయనివ్వండి

ప్రశ్న: మా అమ్మాయి గాంధీ మెడికల్ కాలేజీలో ఎంబీబీఎస్ ఫైనలియర్. ఇక్కడి నుంచి అమెరికా వెళ్లి సర్జన్ అయి, అక్కడ పేదల కోసం కమ్యూనిటీ క్లినిక్ పెట్టిన ఒక డాక్టరు గారి ప్రసంగం విన్నప్పటి నుంచి తనూ అలాగే చేస్తానంటోంది. అక్కడ సర్జరీ నేర్చుకుని, తిరిగొచ్చి మా మల్కాజిగిరిలోనే క్లినిక్ పెడుతుందట. మావారిది చిన్న కిరాణా షాపు. ఉన్న ఒక్క ప్లాటు అమ్మి పంపాలా? వెళ్తే అసలు తిరిగొస్తుందా? టెన్షన్‌తో నిద్ర పట్టడం లేదు. (ఒక తల్లి, మల్కాజిగిరి)

జవాబు: అమ్మా, ప్లాటు అమ్మకండి. అమెరికాలో రెసిడెన్సీ అంటే ఫీజు కట్టి చదివే కోర్సు కాదు, ఆస్పత్రి జీతమిచ్చి నేర్పే ఉద్యోగం. ఖర్చంతా దానికి ముందే ఉంటుంది: అక్కడ డాక్టరు లైసెన్సుకు రాయాల్సిన యూఎస్‌ఎంఎల్‌ఈ పరీక్షలు, అప్లికేషన్లు, ప్రయాణాలు. లక్షల్లోనే అవుతుంది గానీ ఒకేసారి మీద పడదు.

దారి మాత్రం పొడవైనది. ఆ పరీక్షల్లో మొదటిదైన స్టెప్ 1కి 2022 నుంచి మార్కులు లేవు, పాస్ లేదా ఫెయిల్ అంతే. అందుకే స్టెప్ 2 స్కోరుకు ఇప్పుడు విలువ బాగా పెరిగింది. జనరల్ సర్జరీ రెసిడెన్సీ అయిదేళ్లు. బయటి దేశాల్లో చదివినవాళ్లకు ఈ సీటు రావడం కష్టం. చాలామందికి 'ప్రిలిమినరీ' సీటు వస్తుంది, అది ఒక్క ఏడాదికే. ఆ తర్వాత మళ్లీ వెతుక్కోవాల్సిందే. శిక్షణ కోసం వచ్చేవాళ్లకు ఇచ్చే జే-1 వీసా మీద వెళ్తే శిక్షణ అయ్యాక రెండేళ్లు స్వదేశంలో ఉండాలి, లేదా మినహాయింపు తెచ్చుకుని డాక్టర్లు చాలని ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. చాలామంది ఈ షరతుకు భయపడతారు. తిరిగి రావాలనుకునే మీ అమ్మాయికి అది అడ్డే కాదు.

అయితే తనను నేను అడగదలచింది వేరే ఉంది. ఆ డాక్టరు గారి జీవితంలో తనను కదిలించింది ఆపరేషనా, క్లినిక్కా?

బోరబండ వైపు ఒక ఉచిత క్లినిక్‌లో ఒకరోజు సాయంత్రం కూర్చున్నాను. ఒక పెద్దాయన కాలి పుండుకు పసుపు అద్ది, పాత చీరముక్క చుట్టుకుని వచ్చాడు. షుగర్ ఎప్పటి నుంచి ఉందో ఆయనకే తెలియదు. సర్జన్ పది నిమిషాల్లో పుండు శుభ్రం చేశారు. ఆ తర్వాత నర్సమ్మ అరగంట కూర్చోబెట్టి మాట్లాడింది, కోడలి ఫోన్ నంబరు రాసుకుంది, డ్రెస్సింగ్‌కి రాకపోతే ఫోన్ చేస్తానని గట్టిగా చెప్పింది. ఆ కాలు నిలబడితే అందులో ఆ ఫోన్ నంబరుకూ వాటా ఉంటుంది. క్లినిక్ అంటే ఎక్కువ భాగం ఇదే.

మన ఊళ్లోనే పెద్ద ఉదాహరణ ఉంది. గుళ్లపల్లి నాగేశ్వరరావు గారు గుంటూరులో వైద్యం చదివి, 1974లో అమెరికా వెళ్లి, కంటి సర్జన్‌గా పేరు తెచ్చుకుని తిరిగొచ్చారు. 1987లో హైదరాబాద్‌లో ఎల్‌వీ ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ మొదలైంది. దాని పల్లె కేంద్రాల్లో ముందు కూర్చునేది సర్జన్ కాదు, ఆ చుట్టుపక్కలే పుట్టి, ఏడాది శిక్షణ పొందిన విజన్ టెక్నీషియన్. ఆపరేషన్ అవసరమైనవాళ్లను మాత్రం పై ఆస్పత్రికి పంపుతారు. ఆయన సర్జరీతో పాటు ఇలాంటి ఏర్పాటును కట్టడం కూడా నేర్చుకున్నారు.

మీ అమ్మాయి మనసు క్లినిక్ మీదే ఉంటే ఫ్యామిలీ మెడిసిన్‌లో డీఎన్‌బీ అనే పీజీ కోర్సు ఉంది, మూడేళ్లు, ఇక్కడే. కత్తి పట్టడమే ఇష్టమైతే ఎంఎస్ జనరల్ సర్జరీ కూడా మూడేళ్లే. అమెరికా దారిలో హౌస్ సర్జన్సీ (ఎంబీబీఎస్ చివర చేసే ఏడాది ఇంటర్న్‌షిప్), పరీక్షలు, రెసిడెన్సీ కలిపితేనే ఏడెనిమిదేళ్లు.

తేల్చుకోవడానికి మంచి చోటు త్వరలోనే వస్తుంది. హౌస్ సర్జన్సీలో కమ్యూనిటీ మెడిసిన్ పోస్టింగ్‌ను పీజీ ప్రిపరేషన్‌కి సెలవులా వాడుకునే పిల్లలే ఎక్కువ. తనను అలా చేయనివ్వకండి, దయచేసి. రోజూ ఓపీలో కూర్చోమనండి, బస్తీ దవాఖానాకు వెళ్లి చూడమనండి. వారం వారం అదే బీపీ, అదే షుగర్ చూస్తూ కూడా ఉత్సాహం తగ్గకపోతే తన మాట నమ్మొచ్చు.

అమెరికా ఆలోచన గట్టిగా ఉంటే ఎలక్టివ్ (అక్కడి ఆస్పత్రిలో కొన్ని వారాలు విద్యార్థిగా పనిచేయడం) సంగతి మాత్రం ఆలస్యం చేయొద్దు. అక్కడ విద్యార్థిగా పేషెంట్లను చూసే అవకాశం డిగ్రీ చేతికి రాకముందే. తర్వాత ఎక్కువచోట్ల పక్కన నిలబడి చూసే అబ్జర్వర్‌షిప్ దొరుకుతుంది, అంతే.

తిరిగొస్తుందా అని అడిగారు. ఆ హామీ నేనే కాదు, తనూ ఇవ్వగలిగేది కాదమ్మా. మీ భయం మాత్రం తనతో దాచకుండా చెప్పండి. పోస్టింగ్ అయ్యాక ఈసారి తననే నాకు రాయమనండి.