1943 నాటి రాగి సెంటు అసలైనదేనా?

ప్రశ్న: అమెరికాలో ఉంటున్న మా అబ్బాయికి 1943 నాటి రాగి రంగు సెంటు దొరికింది. దాన్ని తర్వాత ఎవరైనా మార్చారేమో తెలుసుకోవడం ఎలాగండీ?

జవాబు: యుద్ధానికి రాగి అవసరమై ఆ ఏడాది సెంట్లను జింకు పూసిన ఉక్కుతో ముద్రించారు, పొరపాటున రాగి బిళ్ళల మీద అచ్చయినవి అత్యల్పం కనుక, ముందు అనుమానించడమే మేలు. అయస్కాంతానికి అంటుకుంటే అది రాగి పూత పూసిన ఉక్కు నాణెమే. అంటుకోకపోతే 3.11 గ్రాములకు దగ్గరగా తూగాలి. అయితే 1948 నాటి రాగి సెంటులో 8ని చెక్కి 3గా దిద్దినదీ (ఇదే అసలు చిక్కు) ఈ రెండు పరీక్షలనూ నెగ్గుతుంది. నిజమైన 3 తోక పక్క అంకెల కంటే కిందికి దిగుతుంది. భూతద్దంలో ఆ తోక పొట్టిగా ఉండి, ఎడమ పక్కన గీకిన జాడలు కనిపిస్తే అది దిద్దినదే. నాణేన్ని మాత్రం తోమవద్దని చెప్పండి.