2టు3 కమాండ్ దొరకడం లేదా? దొరికాక మాత్రం ఒక్కసారే నడపండి

విజయనగరం నుంచి ఒకరు అడిగారు: పాత పైథాన్ 2 ప్రోగ్రాములు పైథాన్ 3కి మార్చాలి, సిస్టమ్‌లో 3.13 ఉంది, కమాండ్ ప్రాంప్ట్‌లో ఆ మార్పు చేసే 2టు3 (2to3) అని కొడితే అలాంటి కమాండే లేదంటోంది, మరి దాన్ని స్టార్ట్ చేసేదెలా అని.

మీ తప్పేం లేదండీ. పైథాన్‌తో పాటే వచ్చే ఆ టూల్‌ని 3.13లో తీసేశారు. 3.12 కూడా దించుకోండి. 3.12.10కి విండోస్ ఇన్‌స్టాలర్ దొరుకుతుంది. 3.13ని తీసేయక్కర్లేదు, రెండూ ఒకే సిస్టమ్‌లో సర్దుకుంటాయి.

తర్వాత మీ ప్రోగ్రామున్న ఫోల్డర్ తెరిచి, పైన అడ్రస్ బార్‌లో సీఎండీ (cmd) అని కొట్టి ఎంటర్ నొక్కండి. నల్ల విండో నేరుగా ఆ ఫోల్డర్లోనే తెరుచుకుంటుంది. అందులో కొట్టాల్సింది ఫోన్లో చెప్పినట్టు చెప్తాను: పీవై, ఖాళీ, మైనస్ 3.12, ఖాళీ, మైనస్ ఎమ్, ఖాళీ, లిబ్2టు3, ఖాళీ, ఫైలు పేరు. అంటే py -3.12 -m lib2to3, ఆపైన ఫైలు పేరు. అంతే. మైనస్ గుర్తుకీ దాని పక్కదానికీ మధ్య ఖాళీ ఉండకూడదు.

ఇలా నడిపితే ఏ లైను ఎలా మారుతుందో చూపిస్తుంది గానీ ఫైల్ని ముట్టుకోదు. చాలామంది ఇక్కడే మారిపోయిందనుకుంటారు. నిజంగా మార్చాలంటే ఫైలు పేరుకి ముందు మైనస్ డబ్ల్యూ చేర్చాలి (-w, చిన్న అక్షరం). అప్పుడు పాత ఫైల్ని పేరు చివర .బ్యాక్ (.bak) తగిలించి పక్కన ఉంచి, మార్చినదాన్ని అసలు పేరుతో రాస్తుంది.

నేను దెబ్బతిన్నది ఆ .బ్యాక్‌ని నమ్ముకునే. పలాసలో మా మావయ్య జీడిపప్పు వ్యాపారానికి కాలేజీ రోజుల్లో ఒక చిన్న బిల్లింగ్ ప్రోగ్రాం రాసిచ్చాను, పైథాన్ 2లో. కొత్త కంప్యూటర్ కొన్నాక దాన్ని మార్చడానికి కూర్చున్నా. మైనస్ డబ్ల్యూతో నడిపాను. పనయ్యిందో లేదో అనుమానం వచ్చి పై బాణం నొక్కి మళ్లీ ఎంటర్ కొట్టాను.

రెండోసారి నడిపితే రెండు ఘోరాలు. మొదటిది: పాత .బ్యాక్‌ని చెరిపేసి, ఒకసారి మారిన ఫైల్నే .బ్యాక్‌గా పెట్టేసింది. అసలు కోడ్ పోయినట్టే. రెండోది: మొదటిసారి, మనం కొట్టింది తీసుకునే రా_ఇన్‌పుట్ అన్నచోట ఇన్‌పుట్ అని సరిగ్గానే పెట్టింది కదా, రెండోసారి దాన్ని పైథాన్ 2 ఇన్‌పుట్ అనుకుని చుట్టూ ఎవాల్ (కొట్టినదాన్ని కోడ్‌లా నడిపేది) తగిలించింది. కిలోలు 147 అని కొడితే బాగానే తీసుకుంది, అంకె కదా. పార్టీ పేరు కొట్టగానే నేమ్ ఎర్రర్ (ఆ పేరు తెలీదని)! ప్రింట్‌లో కామాతో రెండు విలువలున్న చోట్లా అదనంగా బ్రాకెట్లు పడి, బిల్లు మీద పేరూ మొత్తమూ కోట్స్‌తో, కుండలీకరణాలతో సహా వచ్చాయి. కాశీబుగ్గలో ఇంకో షాపుకి ఇచ్చిన పాత పెన్‌డ్రైవ్ కాపీ దొరక్కపోయుంటే మొత్తం మళ్లీ రాసుకోవాల్సిందే.

అందుకే మైనస్ డబ్ల్యూకి ముందు ఫోల్డర్ మొత్తాన్ని ఇంకోచోటికి కాపీ చేసుకోండి. గిట్ (కోడ్ పాత రూపాలు దాచే టూల్) వచ్చు అంటే ఒక కమిట్ చాలు. మళ్లీ నడపాలనిపిస్తే, ముందు ఆ కాపీ నుంచి పాత ఫైల్ని తెచ్చుకుని దాని మీదే నడపండి.

ఇంకొకటి ఉంది, ఇది ఈ టూల్ అసలు పట్టుకోదు. భాగాహారం. పైథాన్ 2లో 147ని 10తో భాగిస్తే 14, పైథాన్ 3లో 14.7. మా దగ్గర టిన్నుకి 10 కిలోల పప్పు. కొత్త బిల్లు చూసి మావయ్య, 'పాయింట్ ఏడు టిన్ను ఎలా పంపుతార్రా?' అన్నాడు. టూల్‌కి ఎక్కడా ఎర్రర్ లేదు, లెక్క మాత్రం తప్పు. పూర్తి సంఖ్య కావాల్సిన చోట ఒక గీత బదులు రెండు గీతలు (//) పెట్టాలి. ధరల దగ్గర పైసలు కావాలి కాబట్టి ఒక్క గీతే ఉంచాలి, అన్నిటినీ ఒకేసారి రీప్లేస్ కొట్టేయకండి. నేను కూర్చుని 11 చోట్ల మార్చాను. 12వది మావయ్యే పట్టుకున్నాడు, లారీ ఎక్కించేటప్పుడు.