మూడో పేజీ నుంచి మొదలుపెట్టు

పెరంబూర్, చెన్నై

చిరంజీవికి ఆశీస్సులు.

బాబూ, నువ్వు పంపిన పదకొండు పేజీలూ రెండుసార్లు చదివాను. రాత్రి భోజనం అయ్యాక ఒకసారి, పొద్దున్నే పెన్సిల్ పట్టుకుని ఇంకోసారి. ఆండర్సన్ వీధిలో మీ మామయ్య పేపర్ షాపులో రీములు లెక్కపెడుతూ పెరిగినవాడివి. కాగితం ఎక్కణ్ణుంచి వస్తుందో రాద్దామని బయలుదేరి, చివరికి అది మిల్లులో వదిలేసి వచ్చే నల్లనీళ్ల మీద మనసు పెట్టావు. నాకు చాలా సంతోషంగా ఉంది. ఆ నల్లనీళ్ల దగ్గరే నా ఉద్యోగమంతా గడిచింది, నా రాత కూడా అక్కడే మొదలైంది.

మొదటి రెండు పేజీలు తీసెయ్యి. 'పర్యావరణ పరిరక్షణ నేటి తక్షణ అవసరం' అన్న వాక్యం తప్పు కాదు, కానీ అది ఎవరైనా, దేని గురించైనా రాయగలిగిన వాక్యం. నీ వ్యాసం మూడో పేజీలో, చెరకు పిప్పి కుప్పల మీద నీళ్లు చల్లుతున్న మనిషిని నువ్వు చూసిన చోట మొదలవుతోంది. అక్కణ్ణుంచే మొదలుపెట్టు.

తర్వాత మాటలు. ఆ నల్లనీళ్లను, అంటే బ్లాక్ లిక్కర్‌ని, 'కృష్ణ ద్రావణం' అని రాశావు. ఆ పేరుతో దాన్ని పిలిచే మనిషి ఏ మిల్లులోనూ దొరకడు. బ్లాక్ లిక్కర్, గ్రీన్ లిక్కర్, వైట్ లిక్కర్ అనే అంటారు, అలాగే రాయి. తెలుగు మాట నిజంగా ఉన్న చోట మాత్రం వదులుకోకు. పల్ప్‌ని గుజ్జు అను. సోడియం కార్బొనేట్ అని ఒకసారి చెప్పి, తర్వాత బట్టల సోడా అనేస్తే మీ అమ్మమ్మకు కూడా అర్థమవుతుంది. సున్నం సంగతి చెప్పక్కర్లేదు, కాల్చిన సున్నం మీద నీళ్లు పోస్తే బుసబుసా పొంగడం మన ఇళ్లలో చూడనివాళ్లు తక్కువ.

ఇక అసలు చెప్పాల్సింది. నీ వ్యాసంలో యంత్రాలు వరుసగా వస్తున్నాయి: కర్ర ఉడికించే డైజెస్టర్, నీటిని ఆవిరి చేసే ఎవాపరేటర్, బాయిలర్, సున్నపు బట్టీ. చదివేవాడు ఒక గది నుంచి ఇంకో గదికి నడుస్తున్నాడు గానీ, ఎవరి వెంట నడుస్తున్నాడో తెలియడం లేదు. యంత్రాలను వదిలి గుప్పెడు సోడా వెంట నడువు.

ఆ సోడా వైట్ లిక్కర్‌లో కాస్టిక్ సోడాగా, సోడియం సల్ఫైడ్‌గా ఉంటుంది. కర్ర ముక్కలతో కలిసి ఉడుకుతుంది. కర్రలో నారను పట్టి ఉంచే లిగ్నిన్ కరిగి దానిలోకి వచ్చేస్తుంది. బరువులో చూస్తే కర్రలో దాదాపు సగం గుజ్జుగా మిగులుతుంది, మిగతా సగం నల్లటి నీళ్లలో కలిసిపోతుంది. ఈ సగం సంగతి చెప్పినప్పుడు మా అమ్మ నమ్మలేదు. నీ పాఠకులూ నమ్మరు, కాబట్టి అక్కడ ఒక్క క్షణం ఆగు.

గుజ్జును కడిగాక వచ్చే పల్చని లిక్కర్‌లో వందకు 15 పాళ్లే ఘనపదార్థం. దాన్ని 70 పాళ్లకు చిక్కబరచాలంటే వంద కిలోల్లోంచి 78 కిలోల పైచిలుకు నీటిని ఆవిరి చెయ్యాలి. ఈ లెక్క నువ్వే కాగితం మీద వేసి చూడు, అప్పుడు ఎవాపరేటర్లు ఐదూ ఆరూ ఎందుకు వరుసగా ఉంటాయో నీకే తెలుస్తుంది. మొదటి పాత్రలో పుట్టిన ఆవిరే రెండో పాత్రను వేడి చేస్తుంది, రెండోదాని ఆవిరి మూడోదాన్ని. ఆరు పాత్రల వరుసలో కిలో ఆవిరి పెడితే అయిదు కిలోల దాకా నీరు పోతుంది. లిక్కర్ చివరికి బెల్లం పాకంలా తయారవుతుంది. ఆ పోలిక నీ వ్యాసంలో ఇప్పటికే ఉంది, ఉంచు, బాగుంది.

రసాయనాలను తిరిగి రాబట్టే రికవరీ బాయిలర్ గురించి నువ్వు రాసింది మాత్రం మార్చాలి. 'వ్యర్థాన్ని తగలబెట్టి వదిలించుకుంటారు' అన్నావు. అది వదిలించుకోవడం కాదు బాబూ. పాకంలాంటి లిక్కర్‌ని పెద్ద పెద్ద బొట్లుగా లోపలికి చిమ్ముతారు. కిందికి పడుతూ ఎండి, అడుగున గుట్టలా పేరుకుని కాలుతుంది. పైన లిగ్నిన్ మండి ఆవిరి పుట్టిస్తుంది, దానితో మిల్లుకు కరెంటు వస్తుంది. కింద కావాలనే గాలి తక్కువగా ఇస్తారు. గాలి చాలని ఆ గుట్టలో బొగ్గు సోడియం సల్ఫేట్ నుంచి ఆక్సిజన్ లాక్కుంటుంది, సల్ఫేట్ మళ్లీ సల్ఫైడ్ అవుతుంది. ఒకే పొయ్యిలో ఒక పక్క కాల్చడం, ఇంకో పక్క కాలినదాన్ని వెనక్కి తిప్పడం. ముప్పై ఏళ్లు దాని పక్కన నిలబడ్డాను. ఇప్పటికీ తలుచుకుంటే నాకు ఆశ్చర్యమే.

అడుగు నుంచి స్మెల్ట్, అంటే బట్టల సోడా, సల్ఫైడ్ కలిసిన ముద్ద, ఎర్రగా కరిగి, 800 డిగ్రీల పైన వేడితో గొట్టాల్లోంచి కారుతుంది. నీళ్ల ట్యాంకులో పడేటప్పుడు వచ్చే చప్పుడు ఫ్లోరంతా అదిరిపోయేలా ఉంటుంది. ఆ స్మెల్ట్ మీదికి బాయిలర్ ట్యూబు పగిలి నీళ్లు వస్తే పేలిపోతుంది. అందుకే లిక్కర్ 58 శాతం కన్నా పల్చబడితే లోపలికి పోనివ్వరు. ఆపరేటర్లు రోజంతా ఆ ఒక్క అంకెనే చూస్తుంటారు. భయం లేకుండా ఆ చోటి గురించి రాస్తే అబద్ధమవుతుంది.

నీళ్లలో కరిగిన స్మెల్ట్ గ్రీన్ లిక్కర్. అందులో సున్నం కలిపితే బట్టల సోడా కాస్టిక్‌గా మారి వైట్ లిక్కర్ తయారవుతుంది, సున్నం మడ్డిగా అడుక్కి దిగుతుంది. మడ్డిని బట్టీలో కాలిస్తే మళ్లీ సున్నం. నీ గుప్పెడు సోడా బయలుదేరిన చోటికి వచ్చేసింది.

ఇక్కడ 'నూటికి నూరు శాతం తిరిగి వస్తుంది' అని రాశావు. రాదు. బాగా నడిచే మిల్లులో 95 పైన వస్తుంది. ఆ మిగిలిన కాస్తా ఎక్కడ పోతుందో వెతుకు. కొంత గుజ్జుతోనే వెళ్లిపోతుంది. గంధకం కొంత గాలిలో కలుస్తుంది, ఊరి దాకా కొట్టే ఆ వాసన మెర్‌కాప్టాన్లది. గ్యాస్ సిలిండర్‌లో లీకు తెలియడానికి కలిపేదీ వాటి కుటుంబమే. క్లోరిన్‌తో బ్లీచింగ్ చేసిన నీళ్లను ఈ చక్రంలోకి రానివ్వరు, క్లోరైడ్ పేరుకుంటే బాయిలర్ ట్యూబులు తినేస్తుంది. కాబట్టి అవి వేరే దారిలో శుద్ధికి పోవాలి.

మన దేశపు కథ ఇంకొకటి ఉంది, పైన్ కర్రతో నడిచే మిల్లుల గురించి రాసిన పుస్తకాల్లో అది నీకు పెద్దగా కనబడదు. సిలికా. వరిగడ్డిలో మరీ ఎక్కువ, వెదురులో, చెరకు పిప్పిలో కూడా ఉంది. కాస్టిక్‌లో కరిగి లిక్కర్‌లోకి వస్తుంది. లిక్కర్ జిగురెక్కుతుంది, ఎవాపరేటర్ ట్యూబుల లోపల రాయిలా గార కడుతుంది. చివరికి సున్నపు మడ్డిలో చేరితే ఆ మడ్డిని కాల్చి కాల్చి వాడుకోవడం కుదరదు. వరిగడ్డితో నడిచిన మన చిన్న మిల్లులు చాలావరకు రికవరీ పెట్టుకోలేకపోవడానికి ఇదొక కారణం, అంత చిన్న మిల్లుకు బాయిలర్ ఖర్చు గిట్టకపోవడం ఇంకోటి. 2003లో వచ్చిన కాలుష్య నియంత్రణ చార్టర్ ఆ మిల్లులను రికవరీ పెట్టండి, లేదా పాత కాగితానికి మారండి అంది. కరూర్ దగ్గర కాగితపురం వెళ్లు. 1984 నుంచి చెరకు పిప్పితో కాగితం చేస్తున్నారు, సున్నపు మడ్డిని సిమెంటుకు వాడుతున్నారు. మన కాగజ్‌నగర్ లాగే ఆ ఊరికీ కాగితం పేరే.

ఈ పద్ధతిని కనిపెట్టిన కార్ల్ డాల్ గురించి నువ్వు రాసిన పేరా చిన్నది చెయ్యి, కానీ తీసెయ్యకు. 1879లో డాన్‌జిగ్‌లో ఆయన వెతికింది గట్టి కాగితం కోసం కాదు, పోయిన సోడా బదులు వేయడానికి చవకైన పదార్థం కోసం. సోడియం సల్ఫేట్ వేశాడు, గుజ్జు గట్టిగా వచ్చింది. ఈ రికవరీ మంచితనం వల్ల పుట్టలేదు, రసాయనాల ఖరీదు వల్ల పుట్టింది. ఖర్చు తగ్గించుకోవడానికి చేసిన పని నదికి కూడా మేలు చేసిందని సూటిగా రాయి.

ఒక్క సంగతి ఇంతవరకూ ఎక్కడా రాయలేదు, నీకు చెబుతాను. నేను పనిచేసిన ఒక మిల్లులో ఒక రాత్రి గార కడగడానికి ఎవాపరేటర్లు ఆపాం. పల్చని లిక్కర్ ట్యాంకు నిండిపోతోంది, గుజ్జు సెక్షన్ ఆగడం లేదు. పొర్లి కాలువలో పడింది. డ్యూటీ నాది. లాగ్‌బుక్‌లో 'ట్యాంక్ ఓవర్‌ఫ్లో, 40 నిమిషాలు' అని రాసి సంతకం పెట్టాను. తెల్లారాక ఒక పెద్దాయన ఇత్తడి చెంబుతో గేటు దగ్గరికి వచ్చాడు. చెంబులో డికాషన్ రంగు నీళ్లు. కేకలు వెయ్యలేదు. 'ఇవి గేదెలకు పెట్టొచ్చా బాబూ' అని అడిగాడు. వద్దన్నాను. సరేనని ఆ నీళ్లు అక్కడే పారబోసి, ఖాళీ చెంబు పట్టుకుని వెళ్లిపోయాడు.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మొట్టమొదటిసారి రాయడానికి కూర్చున్నాను. లాగ్‌బుక్‌లో నేను రాసిన ఒక్క అక్షరం కూడా తప్పు కాదు. కానీ చెంబు అందులో లేదు. నీ పదకొండు పేజీల్లో కూడా మిల్లు గోడ దాటిన తర్వాత ఒక్క మనిషీ లేడు. నువ్వు చూసిన మిల్లు కిందుగా ఒక కాలువ ఉండే ఉంటుంది. దాని వెంట నడిచి వెళ్లి, అక్కడివాళ్లతో మాట్లాడు. నీళ్లు ఇప్పుడు బాగున్నాయంటే అదీ రాయి, ఎప్పటి నుంచి బాగున్నాయో అడుగు.

పెన్సిల్ గీతలున్న ప్రతిని నా దగ్గరే ఉంచాను. వచ్చే ఆదివారం పొద్దున రా, టిఫిన్ ఇక్కడే. లిక్కర్ చిక్కదనం చూసే నా పాత హైడ్రోమీటర్ ఒకటి బీరువాలో ఉంది, పగలకుండా గుడ్డలో చుట్టి పెట్టాను. కరూర్ వెళ్లేటప్పుడు అది నీ వెంట తీసుకెళ్లు.

మామయ్యకు నా నమస్కారాలు చెప్పు.

మీ మాస్టారు