ఊహాన్‌లో పొద్దుటి ఫలహారం: మీ ప్రశ్నలకు జవాబులు

చైనాలోని ఊహాన్‌లో గైడును వెంటబెట్టుకుని పాత పేటల్లో తిరుగుతూ టిఫిన్ చేయడం గురించి గత సంచికలో క్లుప్తంగా రాశాం. దానిమీద చాలా ఉత్తరాలు వచ్చాయి. యాంగ్జీ, హాన్ నదులు కలిసేచోట ఊచాంగ్, హాంకౌ, హాన్‌యాంగ్ అనే మూడు ఊళ్ళు ఒక్కటై ఊహాన్ అయింది. అక్కడ పొద్దుటి ఫలహారాన్ని ‘గ్వోచావ్’ అంటారు. చివరి అక్షరాన్ని మనం ‘చాలు’ అనేటప్పుడు పలికే చ లాగే పళ్ళకు ఆనించి పలకాలి. రేవు పట్టణం కావడంతో తెల్లవారకముందే పనికి పోయే జనం ఎక్కువ. అందుకే అక్కడ ఇంట్లో పొయ్యి వెలిగించడం కంటే వీధిలో నిలబడి తిని వెళ్ళడమే అలవాటు.

మేం నలుగురం వెళ్తున్నాం. రెండు గంటల్లో ఎనిమిది చోట్ల తినిపిస్తానని గైడు అంటున్నాడు. సాధ్యమేనా? ఏ వీధికి వెళ్తే మంచిది? (హైదరాబాదు పాఠకురాలు)

ఎనిమిది వద్దండీ, ఐదు చాలు. ఊహాన్ టిఫిన్లన్నీ పిండి, నూనె, నువ్వుల బరువున్నవే. మూడో చోటికే కడుపు నిండిపోతుంది. ఆ తర్వాత తినేదాని రుచి నాలుకకు ఆనదు. నలుగురున్నారు కాబట్టి ప్రతిచోటా రెండు వంతులు తీసుకుని పంచుకోండి.

నూడుల్స్ అమ్మేచోట లెక్క ‘ల్యాంగ్’లలో ఉంటుంది. ఒక ల్యాంగ్ అంటే 50 గ్రాములు. ఇది పూర్వం రేషను కూపన్ల కాలం నుంచి వస్తున్న పిండి తూకం, గిన్నెలో చేతికొచ్చే తిండి బరువు కాదు. రెండు ల్యాంగ్‌లు అడిగితే గిన్నె నిండా వస్తుంది, అది ఇద్దరికి సరిపోతుంది.

ఆరున్నరకల్లా నడక మొదలుపెట్టండి. ఏడున్నర నుంచి ఎనిమిదిన్నర దాకా ఆఫీసులకు వెళ్ళేవాళ్ళ రద్దీ ఉంటుంది. ఆ రద్దీ చూడదగ్గదే గానీ, ఆ వేళలో దుకాణదారుకు మీతో మాట్లాడే తీరిక ఉండదు. తొమ్మిది దాటాక మంచి చోట్ల సరుకు అయిపోతుంటుంది.

వీధి విషయానికొస్తే, ‘ఎక్కడికి తీసుకెళ్తావు?’ అని గైడును ముందే అడగండి. ఊచాంగ్‌లోని హుబు సందు ఒక్కటే చెబితే కొంచెం ఆలోచించండి. పేరున్న చోటే, కానీ ఇప్పుడక్కడ ఎక్కువగా కనిపించేది యాత్రికులు. అదే ఊచాంగ్‌లో, నడిచి వెళ్ళేంత దూరంలో ల్యాంగ్‌దావ్ వీధి ఉంది. హాంకౌ వైపు షాన్‌హైగ్వాన్ రోడ్డు ఉంది. బడిపిల్లలు, ముసలివాళ్ళు, స్కూటర్ దిగని ఆఫీసువాళ్ళు ఒకే వరుసలో నిలబడి తినేది ఈ రెండు చోట్లే. మా ఓటు వీటికే.

తినే క్రమంలో ముందు గారెలాంటి మియెన్‌వో, సోయా పాలు తీసుకోండి. తర్వాత జిగురు బియ్యం నింపిన అట్టు డౌపి, మధ్యలో నువ్వుల ముద్ద కలిపిన ర గన్ మియెన్ నూడుల్స్, ఆ పైన పులుసున్న పదార్థం ఏదైనా ఒకటి, చివర గుడ్డు కలిపిన తీపి పానీయం డాన్‌జియూ. చాలామంది గైడులు మొదటి చోటే నూడుల్స్ గిన్నె చేతిలో పెడతారు. అక్కడితో సగం నడక అయిపోయినట్టే.

డబ్బు దాదాపు అంతా ఫోన్ చెల్లింపులే. అలీపే, వీచాట్‌లలో వీసా, మాస్టర్ కార్డులు జోడించుకునే వీలుంది. ఆ పని ఇంటి దగ్గరే ముగించుకోండి. 5, 10 యువాన్ల నోట్లు కూడా కొన్ని దగ్గర ఉంచుకోండి.

మేం శాకాహారులం. గుడ్డు కూడా తినం. అసలు మాకు ఏమైనా దొరుకుతుందా? (రాజమహేంద్రవరం పాఠకుడు)

దొరుకుతుంది, కానీ ‘వో ఛి సు’, అంటే ‘నేను శాకాహారిని’ అన్న ఒక్క మాటతో పని జరగదు. కంటికి మాంసం ముక్క కనిపించకపోతే శాకాహారమే అనుకుని ఇచ్చేవాళ్ళు ఎక్కువ. మీరు చూసుకోవలసినవి మూడు: పంది కొవ్వు, మాంసం ఉడికించిన మసాలా నీళ్ళు, ఎండు రొయ్యపొట్టు.

నూడుల్స్‌లో నువ్వుల ముద్దతో ఇబ్బంది లేదు. దానిమీద గరిటెడు పోసే మసాలా నీళ్ళు చాలా దుకాణాల్లో మాంసం ఉడికినవే. ‘బూ యావ్ లూష్వెయ్’ అంటే అవి వద్దని అర్థం. బదులుగా సోయా సాస్ అడగండి. డౌపిలో గుడ్డు తప్పదు, తరచూ మాంసం, పంది కొవ్వు కూడా ఉంటాయి. అది వదిలేయండి. షావ్‌మై, థాంగ్‌బావ్ అనేవి మాంసం పెట్టిన ఆవిరి కుడుములు, అవి మీవి కావు. ఉప్పు సోయా పాలలో రొయ్యపొట్టు వేస్తారు, తీపివి తీసుకోండి. మియెన్‌వో, నువ్వులద్దిన జిగురు బియ్యప్పిండి ఉండలు, యోథియావ్ అనే పొడుగాటి వేపుడు మామూలుగా శాకాహారమే. ఏ నూనెలో వేయించారో, అదే మూకుట్లో ఇంకేం వేయిస్తారో మాత్రం అడగాలి. ఈ మూడు ‘వద్దు’లనూ గైడు చేత చైనీసు లిపిలో రాయించి ఫోన్‌లో పెట్టుకోండి. వీధి గోలలో నోటిమాట కంటే చూపించిన రాత పని చేస్తుంది.

ఇంత జాగ్రత్త పడినా మనసు ఒప్పకపోతే, హాన్‌యాంగ్‌లోని గుయ్‌యువాన్ ఆలయం, ఊచాంగ్‌లోని బావ్‌థోంగ్ ఆలయం చూడండి. ఈ బౌద్ధాలయాల దగ్గర శాకాహార భోజనశాలలున్నాయి.

ఇక్కడ మెడిసిన్ చదువుతున్నాను. ర గన్ మియెన్ తిన్న ప్రతిసారీ ముద్దకట్టి గొంతు పట్టేస్తోంది. అందరూ ఎందుకంత మెచ్చుకుంటారో తెలియడం లేదు. (ఊహాన్ నుంచి ఒక విద్యార్థి)

తప్పు గిన్నెలో లేదు, మీరు ఆలస్యం చేయడంలో ఉంది. ఆ నూడుల్స్ ఎలా తయారవుతాయో చూస్తే తెలుస్తుంది.

పిండిలో వంటసోడా కంటే గాఢమైన సోడియం కార్బొనేట్‌ను నూటికి ఒక పాలు కలుపుతారు. ఆ క్షారం వల్లే పసుపు రంగు, పంటికి ఎదురు తిరిగే బిగువు వస్తాయి. ముందే వాటిని ముప్పాతిక వంతు ఉడికిస్తారు. పోగు తుంచి చూస్తే మధ్యలో తెల్లటి చుక్క మిగిలి ఉండాలి. వెంటనే నీరు ఓడ్చి, బల్లమీద పరిచి, నూనె పట్టించి, విసురుతూ ఎత్తి పోస్తూ చల్లారుస్తారు. నూనె పట్టని పోగులు తెల్లారేసరికి ఒకదానికొకటి అతుక్కుపోతాయి. పొద్దున మీరు అడిగాక ఒక వంతును జల్లెడ గరిటెలో వేసి, మరిగే నీళ్ళలో 10, 15 సెకన్లు ముంచి, గట్టిగా విదిలించి గిన్నెలో వేస్తారు. పైన నువ్వుల ముద్ద, సోయా సాస్, మసాలా నీళ్ళు, వెల్లుల్లి నీళ్ళు, ఊరవేసిన ముల్లంగి ముక్కలు, పులిసిన బొబ్బర్ల కాయ ముక్కలు, ఉల్లికాడలు.

గిన్నె చేతికొచ్చిన క్షణం నుంచి పోగులు తడిని పీల్చుకోవడం మొదలుపెడతాయి, నువ్వుల ముద్ద చల్లారి బిగుస్తుంది. ముందు ఫోటో తీసి తర్వాత కలిపితే ముద్ద కట్టక తప్పదు. చాప్‌స్టిక్ పుల్లలతో అడుగు నుంచి పైకి ఎత్తుతూ, కనీసం 20 సార్లు, ప్రతి పోగుకూ గోధుమ రంగు పట్టేదాకా కలపండి. పొడిగా అనిపిస్తే నూడుల్స్ ఉడికిన వేడినీళ్ళు ఒక్క చెంచా పోయించుకోండి, రెండో చెంచా వద్దు. పది నిమిషాల్లో తినేయాలి. పక్కన తాగడానికి సోయా పాలో డాన్‌జియూనో తప్పకుండా ఉండాలి. ఊహాన్‌వాళ్ళెవరూ దీన్ని ఒట్టిగా తినరు.

డౌపిలో పెసలు వేస్తారని విన్నాం. అది మన పెసరట్టేనా? (గుంటూరు పాఠకురాలు)

పెసరట్టుకు దూరపు చుట్టం అనుకోండి. పెసరట్టులో పెసలది పెద్ద పాలు, బియ్యం గుప్పెడు. డౌపిలో ఇది తలకిందులు. మామూలు బియ్యం రెండు పాళ్ళు, పొట్టు తీసిన పెసరపప్పు ఒక పాలు. రెండూ పులియబెట్టరు. కానీ పెసరట్టు తనంతట తానే టిఫిను. డౌపిలో అట్టు ఒక దుప్పటి మాత్రమే, అసలు సరుకు దాని లోపలుంటుంది.

దుకాణంలో నిలబడి చూడదగ్గ పని ఇది. బల్లంత వెడల్పు ఇనప పెనం మీద పిండి పోసి, ఆలిచిప్పతో నాలుగు తిప్పుళ్ళలో కాగితమంత పల్చగా పరుస్తారు. మన దోశ గరిటె చేసే పనే, కాకపోతే చిప్ప అంచు వెడల్పు కాబట్టి గీతలు పడవు. దానిమీద గుడ్లు కొట్టి పరుస్తారు. అది గట్టిపడగానే మొత్తం అట్టును ఒక్క విసురుతో తిరగేస్తారు. గుడ్డు వైపు కిందికి పోతుంది. పైన ఆవిరిపై ఉడికించిన జిగురు బియ్యం సమంగా పరిచి, మాంసం, పుట్టగొడుగులు, వెదురు మొలకల చిన్న ముక్కలు చల్లి, అంచులు మడిచి, చుట్టూ నూనె వదిలి మళ్ళీ తిరగేస్తారు. చతురస్రాలుగా కోసి పెడతారు. పైన పసుపుపచ్చగా కరకర, లోపల మెత్తగా ఉంటే అది సరైన డౌపి. హాంకౌలో లావ్‌థోంగ్‌చెంగ్ అనే హోటల్‌కు పేరొచ్చింది దీనివల్లే. 1958లో మావో అక్కడ తిన్నాడు.

ఇంట్లో చేయాలంటే 200 గ్రాముల బియ్యం, 100 గ్రాముల పెసరపప్పు నాలుగు గంటలు నానబెట్టి మెత్తగా రుబ్బండి. గరిటె ఎత్తితే సన్నటి తీగలా జారేంత పల్చన. చిక్కగా ఉంటే అట్టు చల్లారాక తోలులా సాగుతుంది. జిగురు బియ్యం మాత్రం తప్పదు. సోనామసూరి ఎంత మెత్తగా వండినా ముక్క కోయగానే రాలిపోతుంది. అస్సాం బోరా బియ్యం దొరికితే బాగా పనికొస్తాయి. రాత్రంతా నానబెట్టి, నీళ్ళలో కాకుండా ఆవిరి మీద అరగంట ఉడికించండి. నీళ్ళలో వండితే తడి ఎక్కువై అట్టు చిరుగుతుంది. మంట మధ్యస్థంగా ఉండాలి.

మియెన్‌వో చూడటానికి గారెలా ఉంది. ఇంట్లో చేస్తే మధ్యలో పచ్చిగా ఉండిపోయింది. ఎందుకు? (విశాఖపట్నం పాఠకుడు)

మీరు గారెలా అనుకుని చేయడం వల్లే. గారెకు చిల్లు పెడతాం. మియెన్‌వోకు చిల్లు ఉండదు, మధ్య భాగం పొరలా పలుచగా ఉండాలి. అంచు లావుగా మెత్తగా, నడుమ అప్పడంలా కరకరలాడాలి. అందుకోసం అక్కడి గరిటె మధ్యలోనే చిన్న బొడిపె ఉంటుంది.

500 గ్రాముల బియ్యానికి 50 గ్రాముల సోయా గింజలు, ఏడెనిమిది గంటలు నానబెట్టి, ఇడ్లీ పిండి కంటే కాస్త పల్చగా రుబ్బాలి. ఉప్పు, తరిగిన అల్లం, ఉల్లికాడలు వేయాలి. ప్రత్యేక గరిటె లేకపోతే లోతు తక్కువున్న స్టీలు గుంటగరిటె వాడండి. ముందు దాన్ని కాగిన నూనెలో అర నిమిషం ముంచి ఉంచాలి. ఈ పని మానేస్తే పిండి గరిటెకు అంటుకుని ఊడదు. అడుగున కొన్ని నల్ల నువ్వులు చల్లి, పిండి పోసి, చెంచా వెనుక భాగంతో మధ్యలోని పిండిని అంచులకు నెట్టేయండి. గరిటెతో సహా నూనెలో ముంచితే నిమిషంలో అంచు వదులుతుంది. ఊడిపోయాక తిప్పి ఇంకో రెండు నిమిషాలు వేయించండి. నూనె పీల్చుకుంటే పిండి పల్చనైందని గుర్తు.

సోయా పాలు, డాన్‌జియూ తాగడం క్షేమమేనా? (కర్నూలు పాఠకురాలు)

సోయా పాలు మరుగుతున్న కుండలోంచి పోసేచోటే తాగండి. పచ్చి సోయా పాలు 80 డిగ్రీల దగ్గరే నురగ కట్టి పొంగుతాయి. అది నిజమైన మరుగు కాదు. అక్కడే దించేస్తే గింజలోని కొన్ని పదార్థాలు చావక వాంతులు, కడుపునొప్పి వస్తాయి. నురగ అణిగాక ఇంకో ఐదు నుంచి పది నిమిషాలు మరగాలి. పేరున్న దుకాణాలవాళ్ళకు ఇది తెలుసు, ఇంట్లో చేసుకునేవాళ్ళే పొరపడతారు. డాన్‌జియూ అంటే కొట్టిన గుడ్డు మీద, పులియబెట్టిన జిగురు బియ్యపు తీపి నీళ్ళను మరిగించి పోసింది. మద్యం పాలు కొద్దిగా ఉంటుంది. మద్యం ముట్టనివాళ్ళు, గర్భిణులు మానేయడం మేలు.

చైనా దాకా వెళ్ళలేం. మన దేశంలో ఇలాంటి నడక ఉందా? (భిలాయ్ తెలుగు పాఠకుడు)

కోల్‌కతాలో లాల్‌బజార్ దగ్గరి టెరెట్టా బజార్‌కు ఆదివారం తెల్లవారుజామున వెళ్ళండి. ఆరింటికి ఉండాలి, ఎనిమిది దాటితే పెద్దగా మిగలదు. అక్కడివి దక్షిణ చైనా మూలాలున్న కాంటన్, హక్కా కుటుంబాల వంటలు. ఆవిరి బన్నులు, షావ్‌మై, చేప ఉండల పులుసు ఉంటాయి. ఊహాన్ నూడుల్స్ కోసం వెతకకండి.

ఇంట్లో ర గన్ మియెన్ చేశాను. నువ్వుల ముద్ద చేదుగా ఉంది, వాసన లేదు. (డల్లాస్ పాఠకురాలు)

మీరు వాడింది సూపర్ మార్కెట్ తహినీ అయి ఉంటుంది. అందులో నువ్వులు వేగవు, వేగినా పైపైనే. 100 గ్రాముల పొట్టు తీయని నువ్వుల్ని సన్నసెగ మీద 8 నుంచి 10 నిమిషాలు, వేళ్ళ మధ్య నలిపితే పొడయ్యేదాకా వేయించి, పూర్తిగా చల్లార్చి రుబ్బండి. చిటపటలాడి నల్లబడితే అదే చేదు, ఆ వాయి పారేయండి. ముద్దను పల్చన చేయడానికి నీళ్ళు పోయకండి, నూనె వాడండి. మన గానుగ నువ్వుల నూనె పచ్చి నువ్వులది కాబట్టి వాసన రాదు. చైనీసు దుకాణాల్లో దొరికే ముదురు రంగు నూనె రెండు చెంచాలు కలిపితే సరిపోతుంది. ఒక గిన్నెకు 25 నుంచి 30 గ్రాముల ముద్ద పడుతుంది. క్షారపు నూడుల్స్ దొరక్కపోతే, సన్నటి స్పగెట్టీని లీటరు నీటికి పెద్ద చెంచాడు వంటసోడా వేసి ఉడికించండి. సోడా పడగానే నీళ్ళు పొంగుతాయి, పెద్ద గిన్నె పెట్టుకోండి.